వల్లి ఒంటికి చందనం

2022 మార్గళి నెల, అంటే ధనుర్మాసం. తిరుత్తణిలో నేను పశువుల క్లినిక్ పెట్టి అప్పటికి పదకొండేళ్లు. ఆ నెలలో మా ఊరు ఉదయం ఎనిమిదైనా పూర్తిగా మేలుకోదు. గుడి ఉన్న కొండ సగం మంచులో కరిగిపోయి ఉంటుంది, మెట్లెక్కేవాళ్ల భజన ఎక్కడి నుంచో తేలివస్తుంది. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా ఆవులు, మేకలు, వీధికుక్కలు. ఒక పొద్దున మునిరత్నం అన్న తువ్వాలు మూట విప్పి బల్ల మీద పెట్టిన ప్రాణిని చూసి, “అయ్యో రామా, ఇదేంది?” అనేశాను.

ఒంటి మీద ఒక్క వెంట్రుక లేదు. ముడతలు పడ్డ గులాబీ రంగు చర్మం, పెద్ద చెవులు, కలలో ఉన్నట్టు సగం మూసిన పచ్చటి కళ్లు. స్ఫింక్స్ అనే జాతి పిల్లి. దానికి బొచ్చు పెరగదు. చదివానే గానీ తాకింది అదే మొదలు. ఇస్త్రీ చేసి అప్పుడే మడిచిన గుడ్డలా వెచ్చగా ఉంటుందని విన్నాను. ఇదేమో గరుకుగా, పొట్టు రాలుతూ ఉంది.

మునిరత్నం అన్న నలభై ఏళ్లుగా కొండ మీద తలనీలాలు తీసే మనిషి. చెన్నైలో ఆయన కూతురు వంట చేసే ఇంటివాళ్లు ఊరు మారుతూ పిల్లిని వదిలేస్తే, ఆమె తెచ్చి నాన్నకిచ్చింది. భార్య పోయాక ఆయనతో ఆ ఇంట్లో ఉండేది ఇదొక్కటే. వల్లి అని పేరు పెట్టుకున్నాడు.

“మందేమైనా పూసినావా అన్నా?”

“లేదు డాక్టరమ్మా. మీకు చూపియ్యాల గదా అని శుభ్రంగా కడిగి తెచ్చినా.”

స్కిన్ స్క్రేపింగ్ అని ఒకటుంది. చర్మాన్ని బ్లేడుతో తేలిగ్గా గీకి, ఆ పొట్టును మైక్రోస్కోపు కింద చూడటం. బయట ఒక ఈనలేని ఆవు ఎదురుచూస్తోంది. తొందరలో అది చేయలేదు. ఫంగస్ అని కంటితోనే తేల్చేసి, మూడు రోజులకొకసారి మందు షాంపూతో స్నానం చేయించమన్నాను.

పన్నెండో రోజు ఆయన ఒట్టి చేతులతో వచ్చాడు. “దాన్ని ఎవురికైనా ఇచ్చేయండి డాక్టరమ్మా. చర్మం పగిలిపోయింది, రెండు దినాలుగా మెతుకు ముట్టలా. నా చెయ్యి దానికి సరిపడలేదు.” గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

స్కూటరు మీద ఆయన్ని ఎక్కించుకుని కొండ కింద ఆయన ఇంటికి వెళ్లాను. వాకిట్లో సానరాయి, దాని మీద తడి ఆరని చందనం. చాప మీద వల్లి ముడుచుకుని వణుకుతోంది. తోక కొస నుంచి చెవుల దాకా పసుప్పచ్చగా చందనం పూసి ఉంది.

“ఇదేంది అన్నా?”

“మొట్టై కొట్టి గుండు చేసినాక పసిబిడ్డకైనా ఇదే గదమ్మా పూస్తాం. దీనికి ఒళ్లంతా బోడి, పావం. దినానికి రెండు తూర్లు అరగదీసి పూస్తా ఉండా.”

“ఏమీ పూయలేదంటివే!”

“మందు అడిగితిరి. చందనం మందెట్లైతాది?”

నాకు ఒళ్లు మండింది. “నీకు బుద్ధి ఉందా అన్నా? ఈ కుళిరు చలిలో చల్లబరిచేది పూస్తావా? నీ చేతులతో నువ్వే చంపుకుంటా ఉండావు దాన్ని!”

ఆయన చేతులు వెనక్కి దాచుకున్నాడు. “నలభై ఏండ్లుగా తలలు చల్లబరిచేదే నా పని. వెచ్చజేసేది నాకు యాడ తెలుసమ్మా?”

థర్మామీటర్ పెడితే తొంభై ఆరు. పిల్లికి నూటొకటి ఉండాలి. హైపోథర్మియా, అంటే ఒళ్లు తన వేడిని తాను నిలుపుకోలేకపోవడం. బొచ్చులేని ప్రాణిని చలిలో మాటిమాటికీ తడపమన్నది నేను. ఆ పొట్టు ఫంగస్ కాదు, చందనానికి ఎండిన చర్మం; దాని పైన నా షాంపూ. సగం తప్పు నాదేనని అప్పుడు తెలిసి సిగ్గేసింది. ఆ మాట ఆయనతో చెప్పాను కూడా. విన్నట్టు లేదు.

గోరువెచ్చని గుడ్డతో చందనం తుడిచి, ఆరబెట్టి, పిల్లిని ఆయన చొక్కా లోపల గుండెకు ఆనించి పెట్టాను. వేడినీళ్ల సీసాలు గుడ్డలో చుట్టి పక్కన ఉంచాం. బయట మంచు వాకిలి దాకా వచ్చి ఆగింది. ఎదురింటి ముగ్గు కూడా కనిపించడం లేదు. లోకంలో మేము ముగ్గురమే మిగిలినట్టు, కాలం ఎటో నడిచి వెళ్లిపోయినట్టు ఉంది. ఎంతసేపు అయిందో తెలియదు. ఆయన చొక్కా లోంచి సన్నగా గుర్రుమనే శబ్దం మొదలైంది. కాసేపటికి ఉడికించిన చేపముక్క ఒకటి తినింది. ఆయన ఏడ్చాడు. నాకూ కళ్లు నిండాయి.

షాంపూ మానిపించాను. వారానికొక గోరువెచ్చని స్నానం, వెంటనే తుడవడం, అరచేతుల్లో వెచ్చబడేలా రుద్దిన రెండు చుక్కల కొబ్బరినూనె, పాత బనీను కత్తిరించి కుట్టిన చొక్కా. అంతే వైద్యం.

మూడు వారాలకు చర్మం పట్టులా అయింది. వల్లిని చూపించడానికి ఆయన వచ్చిన రోజు, “ఏదీ, నూనె ఎట్లా పూస్తావో చూపించన్నా” అన్నాను. వేల తలల మీద కత్తి నడిపి ఒక్క గాటు పడనివ్వని చేయి, పిల్లి వీపు దగ్గర ఆగిపోయింది. “ఈడ తాకొచ్చునా డాక్టరమ్మా? ఇంత చాలునా?” ప్రతి వేలికీ నా అనుమతి అడుగుతున్నాడు.

“నీ పిల్లే గదా అన్నా, నన్నడిగేదేంది?” అని నవ్వబోయాను, నవ్వు రాలేదు. ఆ చేతికి పట్టిన భయం షాంపూ చేసిన గాయం కాదు, నా నోరు చేసింది. వల్లి మాత్రం ఆగలేదు. లేచి తన వీపును తానే ఆ చేతి కిందకి తోసింది.

ఇప్పుడు ఎవరు తమ ప్రాణికి ఏం పూసి తెచ్చినా, ముందు వాళ్ల చేతులకు ధైర్యం చెబుతాను. ఆ మీదటే ప్రాణిని చూస్తాను.