మా వ్యాను కాపురం, సత్తెమ్మగారి కార్డు

మొన్న మా ఇంటికి రంగులు వేయడానికి వచ్చినవాళ్లు చేతులకంటిన పెయింటు వదిలించుకోవడానికి ఒక సీసా మూత తీశారు. గది నిండా కిరోసిన్ వాసన. మా పిల్లలు ముక్కులు మూసుకుని బయటికి పరుగెత్తారు, నాకు మాత్రం నోట్లో నీళ్లూరాయి. ఆ వాసన వెనకే స్టవ్ మీద ఉడికే మామిడికాయ పప్పూ, ఎండకు కాలిపోయే రెక్సిన్ సీట్లూ, డీజిలు పొగా, కాలవగట్టు దుమ్మూ వరసగా వచ్చి నిలబడ్డాయి. ఏడో తరగతి వేసవి సెలవుల్లో చివరి పది రోజులూ మేం ఒక వ్యానులో కాపురం చేశాం.

అది కార్గిల్ యుద్ధం నడుస్తున్న వేసవి. మా నాన్నగారు రాజమండ్రి దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు మేష్టారు, హేతువాది. నిప్పుల మీద నడవడానికి భక్తి అక్కర్లేదని తానే నడిచి చూపించడం, విభూతి రాల్చే స్వాముల్ని పదిమందిలో నిలదీయడం ఆయన సెలవుల వ్యాపకం. జవాన్ల విజయం కోసం హోమం చేస్తున్నాం, నెయ్యి ఇప్పించమని వీధిలోవాళ్లు వస్తే, "ఆ నెయ్యేదో అన్నంలో వేసుకు తిని రక్తం ఇవ్వండి" అన్నారు. వాళ్లకు ఒళ్లు మండి, "చెప్పడం కాదు మేష్టారూ, మీరేం చేస్తారో చూపించండి" అన్నారు. ఊరూరా తిరిగి రక్తం ఇచ్చేవాళ్లను కూడగట్టే మా యాత్ర ఆ పౌరుషంలోంచి పుట్టింది.

వ్యాను బాబాయిది. అప్పటిదాకా పెళ్లిళ్లకు బ్యాండు మేళాన్ని తిప్పిన బండి. వెనక సీట్లు పీకేసి, రెండు పక్కలా చెక్క బల్లలు కొట్టించి, వాటి కింద బియ్యం డబ్బా, ఆవకాయ జాడీ, నీళ్ల డ్రమ్ము పెట్టి, అమ్మ పాత చీరలు కిటికీలకు తెరలు కట్టి, పైన రెండు మైకు గొట్టాలు బిగించేసరికి అది ఇల్లయింది. వెనక తలుపు మీద బ్యాండువాళ్లు రాయించిన 'శుభకార్యములకు సంప్రదించండి' అన్న అక్షరాలు ఎంత గీకినా పోలేదు. నాన్నగారు రోజూ దానిమీద తెల్లకాగితం అంటించేవారు, రోజూ గాలికి ఊడిపోయేది. బ్రేకులు ఎప్పుడు పడతాయో బాబాయికే తెలియదు. అమ్మ మాత్రం మలుపు వచ్చినప్పుడల్లా నాన్నగారి వంక చూసి, "మీకు దేవుడి మీద నమ్మకం లేదు, నాకు మీ తమ్ముడి మీద నమ్మకం లేదు" అనేది.

పగలు ఎండ పేలిపోయేది. సాయంత్రం నాలుగు దాటాక ఏ రైసుమిల్లు ముందో, పంచాయతీ ఆఫీసు అరుగు దగ్గరో బండి ఆపి మైకులో పిలిచేవాళ్లం. పిల్లలు కాగితం జెండాలతో వ్యాను వెనక ఊరేగేవాళ్లు. నాన్నగారు మాట్లాడాక, రక్తం ఇస్తామన్నవాళ్ల పేర్లు బాబాయి రాసుకునేవాడు. అప్పటిదాకా వీరావేశంగా జైకొట్టిన మీసాలవాళ్లు సూది మాట వినగానే పశువుల పాలు పిండే వేళయిందని వెళ్లిపోయేవారు. ముందుకొచ్చి పేరు చెప్పింది ఎక్కువగా నాట్లు వేసే ఆడవాళ్లూ, స్కూలు టీచర్లూ. వెళ్తూ వెళ్తూ తాటిముంజలో, పనసతొనలో మా బల్ల మీద పెట్టేవారు. సామర్లకోట దగ్గర మృగశిర కార్తె వచ్చిందని ఎవరో గిన్నెడు చేపల పులుసు తెచ్చిచ్చారు. ఆ పులుసు రుచి నాకు ఇంకెక్కడా దొరకలేదు.

నా పని ఉత్తరాలు. కిటికీ పక్క మడత బల్ల ముందు కూర్చుని, చదువు రానివాళ్లు చెప్పింది జవాన్లకు పోస్టుకార్డుల మీద రాసేదాన్ని. సరిహద్దులో ఉన్న ముక్కూ మొహం తెలియని మనిషికి ఏం చెప్పాలో ఎవరికి తెలుస్తుంది? చుట్టాలకు రాయించినట్టే రాయించేవారు. ఇక్కడ మేమంతా క్షేమం, కాలవకి ఇంకా నీళ్లు వదల్లేదు, మా చిన్నదానికి ఆటలమ్మ పోసి తగ్గింది, నువ్వు చలికి చెవులకు గుడ్డ కట్టుకో. వాళ్లకు తెలుగు రాదేమోనండీ అంటే, "అంతమందిలో మనోడు ఒక్కడుండడేంటి పాపా, చదివి చెప్తాడు" అనేవారు.

ద్రాక్షారామం దగ్గర పల్లెలో సత్తెమ్మగారు ఎక్కారు. కూలి చేసుకునే మనిషి, భర్త లేడు, ఒక్కడే కొడుకు. ఆ కొడుకు ఆ మంచుకొండల్లోనే ఉన్నాడు, కొన్ని వారాలుగా ఉత్తరం లేదు. మాతో వచ్చి సభల్లో కూర్చోమని నాన్నగారు అడిగితే, "కూచుంటాను గానీ నన్ను మాట్టాడమనకండి మేస్టారండీ. జవాన్ల కబురు మీకైతే ముందు తెలుస్తాది కదా" అని చిన్న చేతిసంచితో ఎక్కేశారు. ప్రతి ఊళ్లోనూ నాన్నగారు ఆవిణ్ణి వీరమాత అని పరిచయం చేసేవారు, జనం దండ వేసేవారు. ఆవిడ వ్యాను ఎక్కగానే ఆ దండ తీసి బియ్యం డబ్బా మీద పడేసేవారు. నా పక్కనే కూర్చుని ఊళ్లోవాళ్ల కార్డులన్నీ వినేవారు, తన కొడుక్కి మాత్రం ఒక్క ముక్క రాయించలేదు.

కోనసీమ తిరిగి సఖినేటిపల్లి రేవులో వ్యానుని బండ్లు దాటించే పంటు మీదికి ఎక్కించి నరసాపురం దాటుతున్నాం. గోదావరి అడ్డంగా పరుచుకుని ఉంది, సముద్రపు గాలి చీర తెరల్ని ఎగరేస్తోంది. నాన్నగారు ఉండబట్టలేక, "సత్తెమ్మగారూ, అబ్బాయికి ఒక కార్డు రాయించండి" అన్నారు.

"ఏ మొహంతో రాయించమంటారండీ?" అన్నారావిడ. మిలట్రీ మానేసి రమ్మని సెలవుల్లో కొడుకుతో పోట్లాడారట. వాడు వినకుండా బస్సెక్కుతుంటే వెనకనుంచి, 'చస్తే అక్కడే చావు, నా గుమ్మం తొక్కకు' అన్నారట. "పైన తథాస్తు దేవతలు విన్నారండీ. అందుకే కబురు లేదు. నాకు దండలేత్తన్నారు మీరు."

నాన్నగారికి తెలిసిన విషయమే దొరికింది. "దేవతలూ లేరు, ఏమీ లేరండి. మాటకంత బలం ఉండదు. గాల్లో కలిసిపోతుంది."

"మాటకి బలం లేపోతే, మీరీ మైకులు కట్టుకుని ఊరూరా ఎందుకు తిరుగుతున్నారండీ మరి?"

బాబాయి స్టీరింగు మీద తల ఆనించి నవ్వడం మొదలెట్టాడు. అమ్మ గోదావరి వైపు తిరిగిపోయింది. ఎందరో స్వాముల నోళ్లు మూయించిన మా నాన్నగారు అవతలి ఒడ్డు వచ్చేదాకా బాబాయి రాసిన పేర్ల జాబితా తిరగేస్తూ కూర్చున్నారు. ఆయన వాదనలో ఓడిపోవడం నేను చూడటం అదే మొదలు.

బండి రేవు గట్టెక్కాక ముందు సీటులోంచి లేచి వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చున్నారు. "మాట పైనెవరి దగ్గరా పని చెయ్యదండి. విన్నవాడి మనసులో చేస్తుంది. మీవాడు విన్నాడు. కాబట్టి ఇంకో మాట కూడా వినాలి. పాపా, కార్డు తియ్యి."

ఆవిడ ఒక్కో ముక్కా కూడగట్టుకుని చెప్పారు. కోపంలో అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకున్నాను. గుమ్మం అలికి ముగ్గెట్టే ఉంచుతున్నాను. గేదె ఈనింది, జున్ను తినడానికి నువ్వు లేవు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

చివరి ముక్క దగ్గర నా పెన్ను ఆగింది. నాన్నగారి వంక చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆవిడ ఉత్తరం. ఆవిడ చెప్పింది రాయి" అన్నారు. నరసాపురం పోస్టాఫీసు దగ్గర ఆవిడే దిగి కార్డు వేశారు, అది డబ్బా అడుగున పడ్డ చప్పుడు వినేదాకా చెయ్యి తియ్యలేదు.

వానలు ముదిరాక ఒక ఆదివారం సత్తెమ్మగారు బస్సులో మా ఇంటికొచ్చారు. చేతిలో విప్పని ఇన్లాండు కవరు. వాళ్లూళ్లో చదివేవాళ్లు లేక కాదు, రాసిన పిల్లే చదవాలని పంతం. అంచులు చిరగకుండా విప్పి చదివాను. 'అమ్మా, కాలికి దెబ్బ తగిలింది, తగ్గుతోంది. నువ్వు రోజూ తిట్టే తిట్లలో అది ఏ తిట్టో నాకు గుర్తు రాలేదు. ఇక్కడివాళ్లకి జున్ను అంటే ఏంటో చెప్పలేక చచ్చాను. సెలవు ఇవ్వగానే వస్తాను.'

"గుర్తు లేదంట, దొంగెదవ" అంటూ ఆవిడ ఏడుస్తూనే కొడుకుని మళ్లీ తిట్లు లంకించుకున్నారు. అంతలో గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశారు.

"తిట్టండి, ఫరవాలేదు. పైన ఎవరూ లేరు, పూచీ నాది" అన్నారు నాన్నగారు.

ఆ వ్యాను ఎప్పుడో పాత ఇనుముకి పోయింది. మొన్న పోస్టుకార్డు కావాలని అడిగితే పోస్టాఫీసులో అమ్మాయి నావంక వింతగా చూసింది. ఇప్పుడు సరిహద్దులో తుపాకి పేలిందంటే చాలు, మంచం దిగకుండా వందమందికి జెండా బొమ్మ పంపేసి దేశభక్తి తీర్చేసుకుంటున్నాం. చెవులకు గుడ్డ కట్టుకో అని చెప్పేవాళ్లు లేరు. సత్తెమ్మగారూ లేరు, నాన్నగారూ లేరు.

ఈమధ్య ఒక సభలో మాట్లాడి దిగుతుంటే, కొద్దిగా కుంటుతూ ఒకాయన వచ్చి పలకరించాడు. సత్తెమ్మగారి అబ్బాయి. పింఛను పుచ్చుకుని ఊళ్లోనే వ్యవసాయం చేసుకుంటున్నాడట. ఆ తిట్టు గుర్తు లేదని రాసిన ఉత్తరం నేనే చదివానని చెబితే గట్టిగా నవ్వాడు.

"గుర్తు లేకపోవడమేంటండీ. ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా చెప్తాను" అన్నాడు. "గుర్తుందని అమ్మకి రాస్తామేంటండీ?"