కింద పరిచే రగ్గు

సింగపూర్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, పుంగ్గోల్ నుంచి ఆఫీసుకు వెళ్ళే రైల్లో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒడిలో రెండు కొత్త రగ్గులున్నాయి. ఫోన్‌లో భార్యతో తెలుగులో మాట్లాడుతున్నాడు.

"న్యూజిలాండ్‌లో రాత్రంతా వ్యాన్‌లోనే పడుకోవాలి. రెండు రగ్గులు కప్పినా నీ మోకాళ్ళు ఆ చలికి ఆగవు. టూర్ బుకింగ్ కేన్సిల్ చేసేస్తా."

ఆవిడ చాలా ఆశపడినట్టుంది. ఫోన్ పెట్టేశాక ఆయన ముఖం వాడిపోయింది.

కొత్తవాళ్ళతో నేను మాట్లాడను. ఆ రోజు మాత్రం నోరు విప్పాను.

"అంకుల్, రెండూ పైన కప్పొద్దు. ఒకటి కింద పరవండి. చలి కిందనుంచే ఎక్కుతుంది. వేడినీళ్ళ సీసాకి సాక్సు తొడిగి ఆంటీ కాళ్ళ దగ్గర పెట్టండి."

"ఈ ఉక్కపోతలో చలి పాఠం చెబుతున్నావు, ఏ ఊరమ్మా నీది?" అని నవ్వాడు.

ఆఫీసులో ఎవరడిగినా వైజాగ్ అనేదాన్ని. అసలు ఊరు చెబితే అదెక్కడని అడుగుతారని బెరుకు.

"పాడేరండి," అన్నాను.

ఆయన వెంటనే మళ్ళీ ఫోన్ కలిపాడు. "కేన్సిల్ లేదులే. చలిలో పెరిగిన పాడేరు అమ్మాయి చెబుతోంది, రాసుకో," అంటూ ఫోన్ నా చేతికిచ్చాడు.

ఆవిడ అడిగినవన్నీ చెప్పాను. మన్యంలో చలిమంట ఆరిపోయాక మేమెలా పడుకుంటామో కూడా చెప్పాను. బోగీ అంతా వినబడేలా మాట్లాడానని సాయంత్రం డైరీ రాస్తుంటే గాని నాకు తట్టలేదు.