ముత్యాలు పడవకు పెద్ద మోటారు

మా చెల్లెలి మొగుడు ముత్యాలు మంచివాడు. కాకపోయినా బాగుండేది, కడుపునిండా తిట్టేవాణ్ని.

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు ఎండి ఉన్నన్నాళ్లూ ఆయనకు తెలిసిన చదువు ఒకటే. నీళ్లు రాకపోతే బోరు ఇంకా లోతుకు వేయాలి, ఇంకా పెద్ద మోటారు దించాలి. మూడు హెచ్‌పీ లాగకపోతే ఐదు, ఐదు చేతకాకపోతే ఏడున్నర. పక్క చేనివాడు ఏడున్నర దించితే తాను పది దించాల్సిందే, లేకుంటే భూమిలో ఉన్న కాసిన్ని నీళ్లూ అటే పోతాయి. ఆయనొక్కడిదే కాదు, మా వైపు రైతులందరిదీ ఇదే తెలివి. చిన్న మోటారు కొన్నవాణ్ని చూసి నవ్వుతాం.

అలాంటిది ఏళ్ల తర్వాత చెరువు నిండింది. చేనికి పోయే బాట మునిగింది. చుట్టూ తిరిగి పోతే పొద్దంతా దారిలోనే పోతోందని ముత్యాలు ఒక చిన్న ఫైబర్ పడవ కొన్నాడు. బర్రెల గడ్డి కోసం మా చెల్లెలు సుశీల కూడా రోజూ ఆ పడవ ఎక్కాలి. దానికి నీళ్లంటే ప్రాణభయం, ఈత రాదు. ఆయన తెడ్డు వేస్తుంటే అంచు పట్టుకుని కళ్లు మూసుకుని కూర్చునేది.

రెక్కలు నొస్తున్నాయని ముత్యాలు మోటారు కోసం హయత్‌నగర్ పోయాడు. మోటార్లు అమ్మే దివాకర్ పడవ కొలతలు అడిగి చెప్పాడట.

"అన్నా, గింత పడవకు ఐదు మించొద్దు. పెద్దది పెడితే ఎనక కుంగుతది, నీళ్లు ఎక్కుతయి."

"ఐదు మా బోరుకే చాలలే. గంత చెరువుకు ఏం చాలుతది?"

చెరువును తోడేది కాదురా నాయనా, పడవను తోసేది. ఎవరు చెబితే వింటాడు? మొండివాడు రాజుకంటే బలవంతుడు. పదిహేను హెచ్‌పీది తెచ్చాడు.

బిగించగానే పడవ వెనుక కుంగింది, ముందు లేచింది. అప్పుడైనా విప్పేయొచ్చు. కానీ రైతు బుర్ర కదా, ఎడ్లు లాగే గుంటక మట్టిలో దిగక తేలిపోతే దాని మీద రాయి పెట్టడం అలవాటు.

"సుశీలా, నువ్వు ముందట కూసో. బరువు సరిపోతది."

"నాకు భయమైతుందయ్యా. జర చిన్నది తెస్తే ఏమాయె?"

"నేనున్న గద, ఫికర్ చేయకు."

రాఖీ కట్టడానికి వచ్చినప్పుడు నాతో అన్నది, "అన్నా, అది ఉరుకుతుంటే నా పానం అరచేతుల ఉంటది."

అదే ఆఖరి రాఖీ. ఆ వానాకాలంలోనే ఒక పొద్దున, గడ్డి మోపులతో తిరిగి వస్తుంటే ఎదురుగా నీళ్ల మీద తేలే చేపలవల బెండ్లు కనిపించాయి. వల తెగుతుందని ముత్యాలు మోటారును ఒక్కసారిగా తగ్గించాడు. అంత వేగంలో ఉన్న పడవ ఆగేసరికి, అది లేపిన అలే వెనుక నుంచి వచ్చి మీద పడింది. ముందే కుంగి ఉన్న అంచు మీదుగా నీళ్లు నిండాయి. మోటారు బరువుకు పడవ వెనక్కి మునిగి, ముందు కూర్చున్న మనిషిని చెరువులోకి విసిరేసింది. ఈత వచ్చిన ముత్యాలు ఎంత వెతికినా సుశీల దొరకలేదు. చేపలు పట్టేవాళ్లు మధ్యాహ్నానికి మా చెల్లెను ఒడ్డుకు తెచ్చారు. తర్వాత పడవనూ లాగారు.

దినాలు అయ్యాక, తిట్టి తీరాలనే వెళ్లాను. పడవ ఒడ్డున ఉంది. మోటారు లేదు, తెడ్లున్నాయి. ముందు, మా సుశీల కూర్చునే చోట, ఒక రాయి ఉంది.

"తెడ్డేసే పడవకు గా రాయెందుకు?" అన్నాను.

"గా జాగ ఖాళీగ ఉంటే చూడబుద్ధి కాదు, బావా."

 రాయి మీద చెయ్యి వేసి తనే మళ్లీ అన్నాడు.

"రాయి పెట్టాల్సిన కాడ దాన్ని కూసోబెట్టిన."

తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఇంటి దగ్గర బర్రెలు ఆకలికి అరుస్తున్నాయి. ముత్యాలు రాయిని అలాగే ఉంచి పడవను నీళ్లలోకి తోశాడు.