బసవపున్నయ్య చేలో గంగవాయిలి కూర

పిచ్చమ్మ మంచిదని నేను చెప్పను. పగబట్టిన మనిషి. ఆ పగ న్యాయమైనదని మాత్రం దమ్మపేటలో ఏ కూలీ మనిషినడిగినా చెబుతుంది.

మా వైపు ఫాల్గుణంలో మిరప చేలల్లో నీళ్లు పారిన చోటల్లా గంగవాయిలి కూర దట్టంగా మొలుస్తుంది. కాయ ఏరే ఆడవాళ్లు పొద్దువాలాక దాన్ని గిల్లి ఒడిలో కట్టుకుపోతారు. పెసరపప్పులో వేస్తే ఆ పులుపుకు ఇంకో కూర అక్కర్లేదు. పురుగుమందు కొట్టిన రైతు గట్టు మీద కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టాలి. గుడ్డ కనిపిస్తే ఆ చేలో ఎవరూ కాలు పెట్టరు.

ఎనభై ఏడులో బసవపున్నయ్య ఆ గుడ్డ కట్టలేదు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ముప్పై ఎకరాలు కొన్న ఆసామి. గుడ్డ కడితే కూలీలు రారని, మందు కొట్టించిన మర్నాడే ఏమీ చెప్పకుండా కాయ ఏరించాడు. పిచ్చమ్మ చెల్లెలు సమ్మక్క ఆ చేలో కూర గిల్లుకొచ్చి వండుకు తిన్నది. కాసేపటికే నోట నురగ. దవాఖానాకు తీసుకుపోతుంటే బండిలోనే పోయింది. తల్లి లేని ఆ పిల్లను ఎత్తుకుని పెంచింది పిచ్చమ్మే. ఏ ఆకు తినాలో నేర్పిందీ ఆమే. "ఏం తిన్నదో ఏమో" అన్నాడు ఆ పెద్దమనిషి. నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మరుసటేడు కాయ పండగానే పిచ్చమ్మ తన ఎర్ర రవిక చించి ఆయన చేను నాలుగు మూలలా కర్రలకు కట్టింది. ఆయన పీకిస్తే మళ్లీ కట్టింది. కూలీలు వచ్చి, చూసి, వెనక్కి పోయారు. వారం తిరిగేసరికి ఆయనే మా వాడకు వచ్చాడు.

"మందు కొట్టలేదు పిచ్చమ్మా, ఒట్టు. నీకేం కావాలో చెప్పు."

"నాకేమొద్దు. రేపు అందరి ముందల నీ గట్టు మీది కూర తిను. గప్పుడు తీస్త." 'అయ్యా' అనకుండా ఆయనతో ఆమె మాట్లాడటం అదే మొదలు.

మర్నాడు గట్టు మీద పిచ్చమ్మ గుప్పెడు ఆకు గిల్లి ఆయన చేతిలో పెట్టింది. ఆయన నోటిదాకా తీసుకుపోయి ఆగాడు. జీతగాడు దస్రు వైపు తిరిగి, "ఈ మూలకి కొట్టలేదు కదరా?" అని మెల్లగా అడిగాడు.

"యాదికి లేదయ్యా" అన్నాడు దస్రు.

"నువ్వు దస్రును అడుగుతున్నవ్," అంది పిచ్చమ్మ. "మా సమ్మక్క ఎవర్ని అడగాలె?"

ఆయన చేతిలోంచి ఆకు జారిపోయింది. ఎవరూ చెప్పకుండానే కూలీలు ఇళ్లకు మళ్లారు. ఆ ఏడు మిరప చెట్టు మీదే ఎండి రాలింది. పిచ్చమ్మ రోజూ పోయి గట్టు మీద కూర్చుని కళ్లారా చూసింది. పక్కన నేనూ కూర్చున్నాను.