నా నెత్తి మీద మూడు వెంట్రుకలు

ముందే చెప్తున్నా, ఈ టోపీ సంగతి ఎవ్వరూ అడగొద్దు. అడిగినా తీయను. ఎండాకాలంలో ఉన్ని టోపీ ఏందిరా అని నవ్వకండి. ముందు టీ చెప్పండి, తర్వాత నేనే చెప్తా. ఓపిక లేదు నాకు.

ఆదివారం పేపర్‌లో చివరి పేజీ కింద ‘బొంగరం’ అని ఒక బొమ్మల కథ వస్తుంది కదా! గుండ్రటి గుండు, దాని మీద నిక్కబొడుచుకున్న మూడు వెంట్రుకలు, చారల బనీను. నేను మూడో క్లాసులో ఉన్నప్పుడు వాడూ మూడో క్లాసే. ఇప్పుడు నా బిడ్డ అమ్ములు మూడో క్లాసుకు వచ్చింది, వాడు ఇంకా అక్కడే ఉన్నాడు. అమ్ములుకు వాడంటే ప్రాణం.

స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ అన్నారు. "నేను బొంగరం అయిత డాడీ" అంది. ఆ తర్వాత నా కళ్లలోకి చూసి, "ఈసారన్న వస్తవా? పోయినసారి డ్యాన్స్‌కు రాలే. దాని ముందలి దానికీ రాలే" అంది. ప్లాంటులో షిఫ్టు డ్యూటీ నాది. అందరి నాన్నలు చప్పట్లు కొట్టే టైముకు నేను అయితే బాయిలర్ దగ్గర ఉంటా, లేకపోతే మంచం మీద ఉంటా. సిగ్గేసింది. "ఒట్టు బిడ్డా, ముందు వరసల కూసుంటా" అన్నాను.

అక్కడితో ఆగితే బాగుండేది. నాకు తెలివి పుట్టింది! పోయిన వానాకాలం అమ్ములుకు డెంగీ వచ్చి దవాఖానాలో ఉన్నప్పుడు, దాని తలనీలాలు ఇస్తామని నా భార్య సరోజ భద్రాద్రి రామయ్యకు మొక్కుకుంది. ఆ మొక్కు అట్లాగే ఉంది. ఇప్పుడు తీర్చేస్తే మొక్కూ తీరుతుంది, బొంగరం గుండూ తయారవుతుంది. నైట్ డ్యూటీ దిగి, కళ్లు మండుతుంటే పాల్వంచలో బస్సెక్కాం. భద్రాచలం దాకా సరోజ భుజం మీద నేను, నా ఒళ్లో అమ్ములు.

గుండు చేసే పెద్దమనిషికి మెల్లగా చెప్పాను. "అన్నా, నడి నెత్తిన మూడు వెంట్రుకలు మాత్రం ఉంచు."

ఆయన కత్తి పక్కన పెట్టాడు. "ఎందుకు?"

"పేపర్ల ఒక పిలగాడు ఉంటడన్నా, బొంగరం అని..."

"దేవునికిచ్చేదాంట్ల మూడు ఎంటికలు మిగిలిచ్చుకుంటవా? నేను తియ్యకపోతే నీ మొక్కు తీరుతదా?"

సరోజ నన్ను చూసిన చూపు మీకు చెప్పలేను. మొత్తం నున్నగా గీసేశారు. ఇంకో పిల్ల అయితే ఏడ్చేది. అమ్ములు మాత్రం గుండు తడుముకుంటూ పకపకా నవ్వింది. మూడు చీపురు పుల్లలు అతికిస్తానని చెప్పాను. ఇంటికొచ్చి తెల్ల బనీను మీద పర్మనెంట్ మార్కర్‌తో చారలు కూడా గీశాను. "ఇది ఉతికినా పోదు బిడ్డా!" అని గొప్పలు పోయాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

తెల్లారితే ఆదివారం. పోటీ సోమవారం. అమ్ములు పేపర్ తెరిచి కెవ్వుమంది. ‘కొత్త రూపంలో మీ బొంగరం!’ అని పైన రాశారు. ఇన్నేళ్లు లేనిది, వాడికి జుట్టొచ్చింది! అదీ రింగురింగుల జుట్టు! బనీను అదే, మూడో క్లాసు అదే. నా బిడ్డకు గుండు కొట్టించిన మర్నాడే వాడికి జుట్టు మొలవాలా?

"పాత బొంగరం లెక్క పో బిడ్డా" అన్నా.

"అందరు పేపర్ చూస్తరు డాడీ. తప్పు అంటరు" అని ఒకటే ఏడుపు. ఏడ్చి ఏడ్చి ఆగింది. నా నెత్తి వంక చూసింది. సరోజ కూడా చూసింది.

నాకున్న ఒకే ఒక్క ఆస్తి నా రింగుల జుట్టు! పెళ్లిచూపుల్లో సరోజ దాన్ని చూసే ఒప్పుకుందని ఇప్పటికీ నా నమ్మకం. సాయంత్రానికల్లా అది పాత మంకీ టోపీ మీద గమ్ముతో అతుక్కుని నా బిడ్డ నెత్తికెక్కింది. నేను గుండుతో నైట్ డ్యూటీకి పోయాను.

సోమవారం డ్యూటీ దిగి నేరుగా స్కూల్‌కి పోయాను. ఇచ్చిన మాట ప్రకారం ముందు వరసలో కూర్చున్నాను. ఫ్యాన్ గాలి చల్లగా తగిలింది...

తర్వాత జరిగింది సరోజ చెప్తే తెలిసింది. అమ్ములు స్టేజీ ఎక్కింది. టీచర్ "ఎవరమ్మా నువ్వు?" అని అడిగింది. అక్కడ పేపర్ చదివేవాళ్లు ఎవరూ లేరు, ఒక్కరూ బొంగరాన్ని గుర్తుపట్టలేదు. అయినా నా బిడ్డ భయపడలేదు. "నేను బొంగరం. ఈ ఎంటికలు మా డాడీయి. మా డాడీ అగో, ముందల కూసున్నడు!" అని వేలు చూపించింది. హాలంతా నా వైపు తిరిగింది. నేను నోరు తెరిచి, గుండు వెనక్కి వాల్చి గురక పెడుతున్నాను.

ఆటోలో అమ్ములు నాకు వీపు తిప్పి కూర్చుంది. నాకు ప్రాణం చివుక్కుమంది. ఇంటికొచ్చాక "తప్పయింది బిడ్డా" అన్నాను.

"పర్వాలే డాడీ. పండుకో. మంచిగ పండుకో" అంది.

అప్పుడే అనుమానం రావాల్సింది!

సాయంత్రం లేచి ఉల్లిగడ్డలకు బజారుకు పోయాను. మా సెక్షన్ రాములన్న ఎదురొచ్చాడు. నా గుండు చూసి మొహం చిన్నబుచ్చుకుని చేతులు పట్టుకున్నాడు. "అయ్యో తమ్మీ! ఎవరు పోయిండ్రు?" అని ఇంకా దగ్గరికొచ్చాడు. నా నడి నెత్తి చూశాడు. పెదవులు బిగబట్టి పక్కకు తిరిగాడు. భుజాలు ఊగుతున్నాయి. చివరికి ఫోన్ తీసి ఫోటో కొట్టి నాకే చూపించాడు. నా గుండు మధ్యలో పర్మనెంట్ మార్కర్‌తో మూడు వెంట్రుకలు!

ఇంటికి ఉరికి బాత్రూంలో దూరాను. సబ్బు, కొబ్బరినూనె, పీచు అన్నీ అయ్యాయి. పోలేదు. ఉతికినా పోదని చెప్పింది నేనే కదా.

కోపంగా బయటికొస్తే అమ్ములు పాత పేపర్ పట్టుకుని కూర్చుంది. ఒకసారి దాన్ని, ఒకసారి నన్ను చూసి, "ఒకటి వంకర పోయింది డాడీ. నువ్వు గురక పెట్టి కదిలినవ్" అంది. మళ్లీ తనే, "రేపు మా క్లాసుకు రా. అందరికీ అసలు బొంగరాన్ని చూపిస్తా. ఈసారి పండుకున్నా ఏమనను" అంది.

పోయాను. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. పోటీ ముందురోజే అయిపోయింది గానీ, లేకపోతే ఫస్ట్ ప్రైజ్ నాదే.