తాడు పట్టిన ప్రతి చేతికీ

మా దీవి రేవుపట్నం స్కార్‌బరో నుంచి ఉత్తరపు ఒడ్డుకు పోయే కొండదారిలో నలభై మూడు మలుపులున్నాయి. నలభై అయిదేమో కూడా. లెక్కపెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు మాటల్లోకి దింపి తప్పించారు. ఆ బుధవారం మధ్యాహ్నం నా లెక్క పదహారు దగ్గర ఆగింది. మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా ఒక ఆడమనిషి నిలబడి ఉంది. చెయ్యెత్తలేదు, కేకెయ్యలేదు. భుజం మీద మోకాళ్ళ దాకా జారిన కొత్త తాడు చుట్ట, చంకలో శంఖం. టాక్సీ తోలుతున్న కెర్విన్ బ్రేకు మీద నిలబడ్డాడు.

“టాంటీ ఉర్సీ! చావాలనుందా నీకు?”

“నీ డొక్కుబండి కింద పడి చావడానికి నేనేమన్నా కోడిపెట్టనా? తలుపు తియ్యి.”

మా ఊరు ప్లమ్ బేలో టాంటీ అంటే పిన్నీ, అత్తా, పెద్దమ్మా అన్నీ కలిసిన పిలుపు. అసలు పేరు ఉర్సిలా క్వాషీ. వయసు అరవై ఎనిమిది. ఒడ్డు మీంచి జనం తాళ్ళతో లాగే అలివి వల ఆ తీరాన ఒక్కటే మిగిలింది, అది ఆమెది. ఆమె అంతకుముందు ఎక్కిన టాక్సీ తోలేవాడు తాడును డిక్కీలో పడెయ్యమన్నాడట. డిక్కీలో పెట్రోలు డబ్బా ఉంది. పెట్రోలు వాసన తగిలిన తాడును చేప ఆమడదూరం నుంచే పసిగడుతుందని ఆ ఊరి నమ్మకం. అందుకని దిగిపోయి, ఎండలో, నొప్పి మోకాలితో రెండు మైళ్ళు నడిచింది.

“తాడు ముందు సీట్లో కూర్చుంటుంది,” అంది.

“ముందు సీట్లో ముసలాయన ఉన్నాడు కదా టాంటీ.”

ఆమె నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసింది. ఆ ఊళ్ళో నేను కాపురం పెట్టి పంతొమ్మిదేళ్ళయింది. ఆమె వల లాగి ఎన్ని చేపలు తిన్నానో లెక్కలేదు. అయినా ఆ చూపులో మొహమాటం ఏమీ లేదు.

“ఆయన వెనక్కి వస్తాడు. ఇద్దరిలో పనికొచ్చేది తాడే.”

నేను వెనక్కి వెళ్ళాను. తాడు ముందు కూర్చుంది. కెర్విన్ దానికి బెల్టు కూడా పెట్టాడు.

సీటు వెనక జేబులో కొండవాలు మీది హోటలు వాళ్ళ రంగుల కరపత్రాలున్నాయి, దిగే ప్రతి యాత్రికుడికీ ఒకటి ఇమ్మని టాక్సీవాళ్ళకు పంచినవి. పైన పెద్ద అక్షరాలు: మా దీవిలో చూడవలసినవి, చేయవలసినవి. ఇలాంటి జాబితాలంటే నాకు మొదటినుంచీ ఒక పిచ్చి. ఓడల్లో వంటవాడిగా తిరిగిన రోజుల్లో రేవు రేవుకీ ఒకటి చొప్పున దాచాను. నిప్పుకొండల దీవికైనా మంచు దీవికైనా జాబితా ఒకటే పోలిక: ఒక జలపాతం, ఒక పాతకోట, ఒక పడవ షికారు, చివర ఆ ఊరి తిండి. అక్కడ బతికే మనుషులు మాత్రం ఏ జాబితాలోనూ కనపడరు. కనపడితే వాళ్ళ పక్కన టైము వేసి ఉంటుంది.

ఇందులోనూ అంతే. అద్దం అడుగున్న పడవలో పగడపు దిబ్బలు. నడిసముద్రంలో నడుంలోతు తెల్లనీళ్ళ మడుగు, అందులో మునిగితే పదేళ్ళ వయసు తగ్గుతుందట. నేను పదకొండుసార్లు మునిగాను. ఆ లెక్కన ఇంకా పుట్టకూడదు. ఈస్టరు వెళ్ళిన మంగళవారం మేకల పందెం. ఆ పందెం నిజంగానే చూడాలి. జాకీలు మేకల మీద ఎక్కరు, తాడు పట్టుకుని వెనకాల ఉత్తికాళ్ళతో పరిగెడతారు. సగం పందెంలో ఎవరు ఎవర్ని తోలుతున్నారో తెలియదు. తరవాత కోట, జలపాతం, నువ్వుల ఉండలు.

“ఏడోది చదువు. పైకి చదువు, వీడు కూడా వినాలి,” అంది ఉర్సిలా.

చదివాను. “గురువారం ఉదయం పది గంటలకు సంప్రదాయ వల లాగుట. హోటలు అతిథులకు మాత్రమే. అనంతరం చేపల విందు.”

“పది గంటలకి! చేపలకి ఎవరు చెప్పాలి పదింటికి రమ్మని? డెక్స్టర్ వాటికి కూడా ఉత్తరం రాశాడేమో.”

డెక్స్టర్ బేన్స్ ఆ హోటలు మేనేజరు. పరాయివాడు కాదు, మా ఊళ్ళో మిస్ మెర్ల్ కొడుకే. మిస్ మెర్ల్ మూడేళ్ళుగా మంచం మీద ఉంది.

“నీకేం రాశాడు?” అని అడిగాను.

ఆమె జాకెట్టులోంచి నాలుగు మడతల కాగితం తీసింది. విప్పకుండానే చెప్పింది. “శంఖం ఊదకూడదట, అతిథుల నిద్ర చెడుతుందట. ఊరివాళ్ళు బాదంచెట్టు ఇవతలే నిలబడి చూడాలట. లాగేది వాళ్ళు, తినేది వాళ్ళు. పడిన చేపంతా వాళ్ళ వంటింటికట. నాకూ నా పడవవాళ్ళకూ జీతమట. రేపటికల్లా సంతకం పెట్టాలి.”

“పెట్టకపోతే?”

“సోమవారం నుంచి నా చేప కొనరు.” ఇది చెప్పేటప్పుడు మాత్రం కిటికీ వైపు తిరిగింది. ఆమె వాటాకు వచ్చే పెద్ద చేపలు కొనేవాళ్ళు ఆ ఒడ్డున ఆ హోటలు తప్ప మరొకరు లేరు. కెర్విన్‌కి ఆ సంగతి తెలుసు, నాకూ తెలుసు.

“మరి ఈ తాడు?” అన్నాడు కెర్విన్.

“పాతది ముప్ఫైమంది చేతులకే సరిపోతుంది. దీన్ని దానికి కలిపితే తొంభైమంది పట్టుకోవచ్చు.”

“ఊళ్ళో లేవగలిగినవాళ్ళే అరవై ఉంటారు టాంటీ.”

“మిగతాది హోటలువాళ్ళకి.”

“వాళ్ళకా!”

“వాళ్ళకి మాత్రం చేతులు లేవా?” అని, కాగితాన్ని మళ్ళీ జాకెట్టులో దోపుకుంది.

ఆ ఊరి కట్టుబాటు ఒక్కటే. చేప చిక్కే వల చివరి సంచి ఇసుక తాకకముందు తాడు మీద చెయ్యి వేసిన ప్రతి మనిషికీ చేప ఇవ్వాలి. ఎంతసేపు లాగావు, ఎంత బలంగా లాగావు అని అడగరు. దారిన పోయేవాడైనా సరే, నిన్న తిట్టుకున్నవాడైనా సరే. సంచి ఇసుక తాకాక వేసిన చెయ్యి చెయ్యి కాదు. ఇంకొకటుంది: లేవలేనివాళ్ళకు ఇంటివాటా. అది ముందే పక్కన పెడతారు. చెరుకుతోటల దొరలు పోయాక, చేతిలో చిల్లిగవ్వ లేని మనుషులు పెట్టుకున్న నియమం ఇదని ముసలివాళ్ళు చెప్పుకుంటారు. నేను చాలా రాజ్యాంగాలు చదివాను. ఇంత పొట్టిది ఎక్కడా చదవలేదు.

గురువారం పొద్దున ఆరున్నరకు నేను ఒడ్డుకు వెళ్ళేసరికి ఉర్సిలా పాత తాడుకు కొత్త తాడు కలిపి ముడి బిగిస్తోంది. పడవ పెద్ద ఆల్విన్ పక్కన నిలబడి నీళ్ళు నములుతున్నాడు.

“టాంటీ, నేను చెప్పేది కాస్త విను. జీతమంటే ఆరుగురికీ నెల నెలా వస్తుంది. చేప పడ్డా పడకపోయినా వస్తుంది. ఒక్క సంతకమే కదా.”

“నీకు జీతం కావాలంటే పైకి వెళ్ళి దిండ్లు సర్దు. నేను వద్దన్నానా?”

“నీకూ నష్టమే కదా.”

“నా నష్టం నాది, నా వల నాది. నువ్వెందుకు ఏడవడం?”

అప్పుడే కొండమీద కాపు కూర్చున్న మనిషి టోపీ తీసి ఊపాడు. అఖాతం ఎడమ కొమ్ము దగ్గర నీళ్ళలో నల్లటి మరక కదిలింది. గూడబాతులు ఒకదాని వెనక ఒకటి బొక్కబోర్లా పడుతున్నాయి. పార చేపల గుంపు.

“పడవ దింపుతావా, నేనే దింపనా?” అంది ఉర్సిలా.

ఆల్విన్ కదల్లేదు. ఆమె లంగా దోపుకుని, కుంటుతూ వెళ్ళి పడవ అంచు పట్టి తోసింది. పడవ జానెడు కూడా కదల్లేదు. మళ్ళీ తోసింది. మూడోసారి తోసేసరికి ఆల్విన్, “దీని మొండితనం తగలెయ్య,” అని తిట్టుకుంటూ వచ్చి భుజం పెట్టాడు. వెనకాలే మిగతా అయిదుగురూ వచ్చారు. ఒక తాడు కొస ఒడ్డున వదిలి, పడవ మరక చుట్టూ వల దింపుకుంటూ పోయింది.

ఉర్సిలా శంఖం పెదాలకు ఆనించింది.

మన గుళ్ళలో ఊదే శంఖం కాదది. కొన పగలగొట్టిన గులాబి రంగు గవ్వ. గొంతు బొంగురు, తల్లిని పోగొట్టుకున్న దూడ అరిచినట్టుంటుంది. మూడుసార్లు ఊదింది. కొండమీద హోటలు గదుల్లో తెరలు ఒక్కొక్కటే కదిలాయి. కిందనుంచి ఊరు వచ్చింది. మట్టిపొయ్యి దగ్గర్నుంచి రొట్టెలావిడ చేతుల నిండా పిండితో, బడిపంతులమ్మ తలలో దువ్వెనతో, గొడుగు పట్టుకున్న ముసలాళ్ళు.

వాళ్ళకంటే ముందు మెరిసే బూట్లలో డెక్స్టర్ దిగాడు.

“మిసెస్ క్వాషీ! దయచేసి ఆపండి. ఇంకా ఏడు కాలేదు.”

“చిన్నప్పుడు టాంటీని. కోటు తొడిగాక మిసెస్ క్వాషీనయ్యానా?”

“టాంటీ, అతిథులు పడుకున్నారు. కాగితం ఏం చేశావు?”

“భద్రంగా ఉంది. చూడాలా?”

“పదింటికి పెట్టుకుందామని చెప్పాను కదా! నేను నీ మంచికే చెబుతున్నా. పేరు వస్తుంది, జీతం వస్తుంది…”

“పేరు నాకు మా అమ్మ పెట్టింది. పక్కకు జరుగు నాయనా, తాడు వస్తోంది.”

పడవ రెండో తాడు కొసతో ఒడ్డు చేరింది. కొత్త తాడు కలిపింది ఆ తాడుకే. ఇసుక మీద పరిచేసరికి అది బాదంచెట్టు దాటింది, హోటలు తెల్లకుర్చీల మధ్యనుంచి పోయింది, మెట్లదాకా పాకింది. కుర్చీలు తియ్యమని ఎవరూ అడగలేదు. తాడే వాటిని పడగొట్టింది.

లాగడం మొదలైంది. అడుగు వెనక్కి, ఆగు, అడుగు వెనక్కి. చివరికి చేరినవాడు తాడు వదిలి మళ్ళీ నీళ్ళ అంచుకు పరిగెత్తాలి. హోటలు మెట్ల మీద పది పదిహేనుమంది నిద్రమొహాలతో, పొడుగు చొక్కాలతో నిలబడ్డారు. గడ్డిటోపీ పెట్టుకున్న ఒకావిడ డెక్స్టర్‌ను అడిగింది, “కరపత్రంలో రాసింది ఇదేనా? మేం పదింటికి రావాలా?”

ఉర్సిలా తాడు వదలకుండానే అరిచింది, “అమ్మాయ్, తాడు నీ కాళ్ళ దగ్గరే ఉంది. పదింటికి ఇది ఉండదు, చేపలూ ఉండవు. పట్టుకుంటావా, ఫొటో తీసుకుంటావా?”

ఆవిడ చెప్పులు విడిచి దిగింది. ఆ వెనక మిగతావాళ్ళు. రొట్టెలావిడ, “గట్టిగా పట్టుకో, నీ మొగుడి చెయ్యి కాదది!” అని నవ్వించింది. ఆవిడకు అర్థమయిందో లేదో, ఆవిడ కూడా నవ్వింది. రెండు వరసలూ దగ్గరకు జరిగాయి. నా అరచేతులు మండిపోయాయి. ముక్కాలు గంటకు సంచి నీళ్ళలోంచి తేలింది, లోపల వెండి మరుగుతున్నట్టుగా.

డెక్స్టర్ ఇసుక అంచుదాకా వచ్చాడు. బూట్లలోకి నీళ్ళు వచ్చాయి. తాడు అతని మోకాలికి బెత్తెడు దూరంలో ఉంది. చిన్నతనంలో అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చి దాన్ని పట్టుకునేవాడని అక్కడ అందరికీ తెలుసు. ఒక్క క్షణం చెయ్యి కదిలినట్టే కదిలింది. మెట్ల మీద మిగిలిన అతిథుల వైపు చూశాడు. చెయ్యి జేబులోకి పోయింది. సంచి ఇసుక తాకింది.

పంపకం ఉర్సిలాదే. ముందు ఇంటివాటాలు, ఆకులమీద విడిగా. తరవాత చెయ్యికొక చేప. గడ్డిటోపీ ఆవిడకూ ఒకటి. వరసలో నిలబడి రెండు చేతులతో పుచ్చుకుంది.

డెక్స్టర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “టాంటీ, ఇవి హోటలు వంటింటికి వెళ్ళాలి. విందు ఉందని రాశాం.”

“వంటింటికి చేతులున్నాయా? నాకు కనపడలేదే.”

“సరే. నువ్వు సంతకం పెట్టలేదని రాసేస్తాను. సోమవారం నుంచి ఏమవుతుందో తెలుసు కదా?”

“తెలుసు. రాసుకో.”

ఊరంతా వింటోంది. ఆల్విన్ నేలచూపులు చూశాడు. ఉర్సిలా వంగి, ఇంటివాటాల్లోంచి అన్నిటికంటే పెద్ద పార చేపను ఎత్తింది. కొబ్బరీనె మొప్పలోంచి దూర్చి ముడేసింది. డెక్స్టర్ ముందు చాచింది.

“నేను తాడు పట్టలేదు,” అన్నాడు అతను.

“నీకెవడిస్తున్నాడు? ఇది మీ అమ్మకి. మూడేళ్ళుగా నేనే మోసుకెళ్ళి ఇస్తున్నా. ఇవాళ నా మోకాలు బాగాలేదు, నువ్వు పట్టుకెళ్ళు. మిరియాలు ఎక్కువ వెయ్యద్దను, ఆవిడకి పడదు.”

తల్లి పేరు చెప్పి ఇచ్చింది ఎవడు కాదంటాడు? పుచ్చుకున్నాడు. ఊళ్ళో ఇళ్ళ వైపు వేరే దారి ఉంది, కానీ తడిసిన బూట్లతో ఆ రాళ్ళదారి ఎక్కలేడు. హోటలు మెట్లే ఎక్కాడు. చేప తోక మెట్టు మెట్టుకీ తగులుతూ తడి గీత గీసింది. కోటు అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. అతిథులు పక్కకు తొలిగి దారిచ్చారు. ఒకాయన చప్పట్లు కొట్టాడు, ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని.

పడవవాళ్ళు వల దులిపారు. ఆల్విన్ ఒక్కడే వచ్చి, “సోమవారం పొద్దున ఎన్నింటికి?” అని అడిగాడు.

“చేప ఎప్పుడొస్తే అప్పుడు.”

నేను నా చేపతో నిలబడ్డాను. సోమవారం తరవాత పెద్ద చేపలు ఎక్కడ అమ్ముతావని అడగాలనుకున్నాను. మంచు డబ్బా పెట్టి కెర్విన్ టాక్సీలో స్కార్‌బరో బజారుకు పంపితే ఎలా ఉంటుందని కూడా అనాలనుకున్నాను. నోరు తెరిచేలోపు ఆమె నా చేతిలోంచి చేప లాక్కుని, జాకెట్టులోంచి నాలుగు మడతల కాగితం తీసి, విప్పి, దానికి చుట్టి తిరిగి ఇచ్చింది. తడికి అక్షరాలు అప్పుడే ఊదాగా పాకుతున్నాయి.

కొత్త తాడును ముడి దగ్గర విప్పలేదు. మొత్తం తొంభై చేతుల పొడుగూ చుట్టి భుజాన వేసుకుంది. శంఖం చంకలో పెట్టుకుంది. పడిపోయిన తెల్లకుర్చీలలో ఒకటి దారికి అడ్డంగా ఉంటే కాలితో పక్కకు నెట్టి, కుంటుకుంటూ, కెర్విన్ బండి ఆగి ఉన్న రోడ్డు వైపు నడిచి వెళ్ళిపోయింది.