మగ్గం గుంటలో సముద్రపు ప్రాణులు

నేను మద్రాసులో జంతుశాస్త్రం చదువుతున్న రోజులవి. వేసవి సెలవులకు గద్వాలకు బయలుదేరుతుంటే మా మాస్టారు పన్నెండు సముద్రపు ప్రాణులను నాకు అప్పగించారు. సీ అనిమోన్లంటారు వాటిని. బండలకు అంటుకుని, నోటి చుట్టూ పూరేకుల్లాంటి చేతులు చాచి, దగ్గరికొచ్చిన తిండిని పట్టుకుంటాయి. సెలవుల్లో కాలేజీలో వాటిని చూసేవారు లేరు.

"చావనివ్వకు. ఎప్పుడు బాగా తింటున్నాయో గమనించి రాయి," అన్నారు.

అవి అంటుకున్న రాయితో, రెండు పెద్ద పింగాణీ జాడీల సముద్రపు నీళ్లతో గద్వాలలో రైలు దిగాను. మాది నేతపని ఇల్లు. ఎండాకాలంలో ఇంట్లో చల్లగా ఉండేది ఒక్క మగ్గం గుంటే, నేసేవాళ్లు కాళ్లు దింపుకుని కూర్చునే చోటు. ఒక మగ్గం ఖాళీగా ఉంటే దాని గుంటలోకి నాయిన చిన్న రాతి తొట్టి దింపించాడు. ఆ నీళ్లూ రాయీ అందులోకి మార్చాను. నీళ్లు ఇగిరి ఉప్పెక్కకుండా, తగ్గిన మేరకు బావినీళ్లు కలుపుతూ, తొట్టి అంచున మసితో గీసిన గుర్తు దాకా నింపేవాణ్ణి.

నాలుగు రోజులు అవి ఏమీ తినలేదు. ఒకే రాయి మీద ఒకదాన్నొకటి ఒరుసుకుని, చేతులు ముడుచుకుని ఉండిపోయాయి. కృష్ణా నది నుంచి తెప్పించిన రొయ్యల ముక్కలు అడుగున పడి కుళ్లేవి. ఐదో రోజు ఒకటి మెత్తబడి కంపు కొట్టింది. దాన్ని తీసి పారేసి వచ్చాక నాకు ముద్ద దిగలేదు.

"ఏందిర, గవి తినకుంటె నువ్వు గూడ పస్తుంటవా?" అంది అమ్మ.

మా వాడలో తోలుసంచితో ఇంటింటికీ నీళ్లు పోసే చాచా అప్పుడే వచ్చాడు. గుంటలోకి వంగి చూశాడు.

"నీళ్లు నిలవడ్డయి బేటా. సముద్రంల గిట్ల నిలుస్తయా?"

అని తొట్టిలో నీళ్లే ఒక చెంబు ముంచి పైనుంచి ధారగా పోశాడు. విచ్చుకుంటున్న ఒకటి రెండు కూడా టక్కున ముడుచుకున్నాయి. ముక్కలన్నీ అవతలికి కొట్టుకుపోయాయి.

"జర ఎక్కువైంది. నిదానంగ రావాలె," అని తనే ఒక కుండకు చిల్లి పెట్టి, నూలుపోగులు కూరి, తొట్టికి ఒక కొసన వేలాడదీశాడు. అవతలి కొసన కొబ్బరిచిప్పతో నీళ్లు తోడి మళ్లీ కుండలో పోయడం రాత్రీ పగలూ నా పని.

గంట గడిచింది. ముందు వరసలోది మెల్లగా చేతులు చాచింది. నీటితో పాటు జరిగొచ్చిన రొయ్య ముక్కను పట్టుకుని నోట్లోకి లాక్కుంది.

"పట్టింది! పట్టింది!" అని చాచా కేక పెట్టాడు.

సాయంత్రం దాకా అమ్మ గుంట అంచునే కూర్చుంది. "నీళ్లకెదురుగ ఉన్న నాలుగే తింటున్నయి. ఎనకటివాటి దాక ఏం పోతలేదు. జర ఎడం చెయ్యరాదు?"

ఆమె చెప్పింది నిజమే. కానీ రాతికి అతుక్కున్న అడుగు చినిగితే బతకవని నా భయం. మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టి, గోటితో అంచు కొద్దికొద్దిగా లేపుతూ, మధ్యాహ్నానికి వెనకవాటిని ఏడింటిని విడదీశాను. ఒకదాని అడుగు కాస్త చినిగింది. ఒక్కొక్కదాన్ని ఒక్కో గులకరాతి మీద దూరదూరంగా పెట్టాను. ఆ రోజంతా ఒక్కటీ విచ్చుకోలేదు. చేజేతులా చంపుకున్నాననుకున్నాను.

మూడోనాటి పొద్దున అమ్మ కేక వినిపించింది. "ఉరికిరా, అన్ని తెర్సినయి!"

పరుగెత్తాను. పదకొండూ విచ్చుకుని ఉన్నాయి, చినిగినది కూడా. అమ్మ రొయ్యను చిదిమి, బొట్లు పడే చోట వేస్తోంది. ఏ ముక్కా అడుగుకు చేరడం లేదు. గుంట అంచున అమ్మ పక్కనే చతికిలబడ్డాను.

నీళ్లు నిలిస్తే తినవు, విసురుగా వచ్చినా తినవు, గుంపులో వెనకవాటికి అందదు అని కాగితం మీద రాసుకున్నాను. నాయిన నా మొహం చూసి, "ఇంగ జర పండుకో పో. మేం చూస్తం," అన్నాడు. పట్టపగలు, పక్కన మగ్గం చప్పుడు ఆగకుండా వినిపిస్తున్నా, ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.